486ను తీసేయండి, 32-బిట్‌ను అదే గాటన కట్టకండి: లైనక్స్ కెర్నల్ మెయింటెయినర్లకు బహిరంగ లేఖ

లైనక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ గారికి, ఎక్స్86 (ఇంటెల్ తరహా పీసీ చిప్‌లు), ఆర్మ్ (ఫోన్లలో, చిన్న బోర్డుల్లో ఉండే చిప్‌లు) విభాగాల కోడ్ బాగోగులు చూస్తున్న మెయింటెయినర్లందరికీ గుంటూరు నుంచి నమస్కారం.

మీ కోడ్‌లో నా చెయ్యి పడింది చాలా తక్కువ. ఇన్నేళ్లలో రెండు మూడు చిన్న ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపానంతే. కానీ పాతికేళ్లకు పైగా నేను తింటున్న అన్నం మాత్రం మీ కెర్నల్, అంటే చిప్‌కీ ప్రోగ్రామ్‌లకీ మధ్య నిలబడి మెషిన్‌ని నడిపే ఆ లైనక్స్ గుండెకాయ, పెట్టిందే. అందుకే పాత ప్రాసెసర్ల సపోర్ట్ ఇంకెంతకాలం మొయ్యాలి అన్న మాట మీ మధ్య వచ్చినప్పుడల్లా ఇక్కడ నాకు టెన్షన్ మొదలవుతుంది. ఇంటెల్ పాత చిప్ 486 పోతే పోనీ. దాని తాడుకే కట్టి ఇంకేవేవి లాక్కుపోతారోనన్నదే నా భయం.

ముందు 486 సంగతి చెప్పేస్తాను, అక్కడ మనకు పేచీ లేదు.

నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు మా ల్యాబ్‌లో ఉన్నవి 486 మెషిన్లే. పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన లైనక్స్ సీడీని ఒక సీనియర్ అన్న దగ్గర అడిగి తెచ్చుకుని, 16 ఎంబీ ర్యామ్ ఉన్న మెషిన్ మీద ఎక్కించాను. సాయంత్రం కెర్నల్ కంపైల్‌కి పెట్టి, ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలి కరెంటు ఆపకుండా చూసుకుని, పొద్దున్నే వెళ్లి చూసేవాణ్ణి. మనిషి రాసిన కోడ్‌ని ఇంకో మనిషి విప్పి చూడొచ్చని, మార్చొచ్చని నాకు తెలిసింది ఆ మెషిన్ మీదే. అది పోతోందంటే మనసులో కలుక్కుమనకుండా ఉండదు. అయినా నా ఓటు తీసేయడానికే.

ఎందుకో ఇక్కడి పాఠకుల కోసం కాస్త వివరంగా చెప్పాలి. 1991లో మీరు లైనక్స్ మొదలుపెట్టిందే 486కి ముందు తరం చిప్ 386 మీద. ఆ 386 సపోర్ట్‌ని 2012 డిసెంబర్‌లో తీసేశారు, 3.8 వెర్షన్ నుంచి అది లేదు. పాత 386లు ఇక కొత్త కెర్నల్‌తో లేవవని ఎక్స్86 మెయింటెయినర్ ఇంగో మోల్నార్ గారు కొంచెం దిగులుగానే రాస్తే, తనకు అలాంటి సెంటిమెంట్లు లేవని, పీడ వదిలిందని లైనస్ గారు తేల్చేశారు. అప్పట్లో ఆ మాట నాకు కటువుగా అనిపించింది. కారణాలు చదివాక అర్థమైంది. యూజర్ ప్రోగ్రామ్‌కి చెందిన ఒక పేజీలో రాయకూడదని గుర్తు పెట్టినా, కెర్నలే రాయబోతే 386 అడ్డం చెప్పదు. పోల్చి చూసి మార్చే సీఎంపీఎక్స్‌సీహెచ్‌జీ లాంటి ఇన్‌స్ట్రక్షన్ దానిలో లేదు. ఎక్కువ కోర్ల మెషిన్ల కోసం లాకింగ్ కోడ్ (రెండు కోర్లు ఒకే డేటాని ఒకేసారి మార్చకుండా ఆపేది) మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ, దాన్ని రాసేవాళ్లు ఎవరూ వాడని ఒక పాత చిప్‌ని కూడా మనసులో పెట్టుకోవాల్సి వచ్చింది.

486కి వచ్చిందీ ఇలాంటి తిప్పలే. 1989లో వచ్చిన ఆ చిప్‌ని ఎంబెడెడ్ అవసరాల కోసం ఇంటెల్ 2007 దాకా తయారుచేసింది, అంటే బాగానే బతికింది. కానీ ఒకే దెబ్బలో ఎనిమిది బైట్లు పోల్చి మార్చే ఇన్‌స్ట్రక్షన్ అందులో లేదు. క్లాక్ సైకిల్స్‌ని లెక్కపెట్టే టైమ్ స్టాంప్ కౌంటర్ లేదు. ఈ రెండూ 1993లో పెంటియంతో వచ్చాయి. 486ఎస్‌ఎక్స్‌లో అయితే దశాంశ లెక్కలు చేసే యూనిట్ కూడా ఉండదు, ఆ లెక్కలన్నీ కెర్నలే సాఫ్ట్‌వేర్‌తో చేసిపెట్టాలి. మ్యూజియంలో ఉండే మెషిన్లకు మ్యూజియం కెర్నలే చాలని 2022లో లైనస్ గారు అన్నారు. 2025 ఏప్రిల్‌లో ఇంగో గారు పెట్టిన ప్యాచ్‌లు 486నీ, ఆ రెండు సదుపాయాలు లేని తొలితరం 586లనీ (పెంటియం తరం చిప్‌లనీ) కలిపి దాదాపు 14 వేల వరుసల కోడ్‌ని తీసేసేలా ఉన్నాయి. ఆ వరుసలు ఓ మూలన విడిగా ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఇవాళ్టి సర్వర్లు, ల్యాప్‌టాప్‌లు నడిచే ఎక్స్86 కోడ్ మధ్యలోనే అవి కూర్చున్నాయి. పోనివ్వండి. నా దగ్గర అటక మీద ఇంకా ఒక 486 బోర్డు ఉంది. దానికి పాత కెర్నలే చాలు, అది ఇంటర్నెట్‌కి తగిలి కూడా ఎన్నో ఏళ్లయింది.

ఇంతవరకూ ఒప్పుకున్నాక, అసలు నా బాధ మొదలయ్యేది ఇక్కడ.

486 కూడా 32-బిట్ చిప్పే, అంటే ఇవాళ్టి 64-బిట్ చిప్‌ల కన్నా చిన్న అంకెలతో, చిన్న చిరునామాలతో పనిచేసేది. అందుకే 486 గురించి మొదలైన మాట రెండు నిమిషాల్లో 32-బిట్ మొత్తం మీదికి పోతుంది. "32-బిట్ చచ్చిపోయింది కదా, ఇంకా ఎందుకు" అని తేలిగ్గా అనేస్తారు. మీలో అందరూ అలా అనరని తెలుసు, కానీ మీ చుట్టూ ఆ మాట బాగా వినిపిస్తోంది. కెర్నల్‌కి మిగతా సాఫ్ట్‌వేర్ జతచేసి ఇచ్చే పెద్ద డిస్ట్రిబ్యూషన్లు ఒక్కొక్కటీ 32-బిట్ పీసీల నుంచి తప్పుకోవడం దానికి బలం ఇచ్చింది. ఫెడోరా 2019లో 31వ వెర్షన్‌తో 32-బిట్ ఎక్స్86 కెర్నల్ ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. పీసీల విషయంలో నాకు అభ్యంతరం లేదు. కానీ అదే డెబియన్ 13లో 32-బిట్ ఆర్మ్ చిప్‌ల కోసం తయారుచేసిన పోర్ట్ నిక్షేపంగా ఉందన్నది ఆ మాటలనేవాళ్లు గమనించరు.

నా పని ఏమిటో చెబితే నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్నానో తెలుస్తుంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు చాలా ఉన్నాయి. సీజన్‌లో ధర పడిపోతే రైతు టిక్కీలను (మిర్చి బస్తాలను) తెచ్చి ఇక్కడ పెట్టుకుంటాడు, రేటు వచ్చిందాకా ఆగుతాడు. ఒక్కో చాంబర్‌లో ఉన్న సరుకు ఎన్నో కుటుంబాల ఏడాది కష్టం. చాంబర్లలో వేడి, తేమ ఎంత ఉన్నాయో చూస్తూ, అమోనియా కంప్రెషర్ ఆగినా, కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోయినా వెంటనే ఫోన్లకు మెసేజ్ పంపే చిన్న డబ్బాలు తయారుచేసి బిగిస్తాం, నేనూ, నాతో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లూ. ఆ డబ్బాలో ఉండేది 32-బిట్ ఆర్మ్ బోర్డు. మొదట్లో బీగల్‌బోన్ బ్లాక్ వాడాం. 2013లో వచ్చిన బోర్డు అది, కార్టెక్స్-ఏ8 కోర్, 512 ఎంబీ ర్యామ్. తర్వాత కార్టెక్స్-ఏ7 చిప్‌లకు మారాం. ఫ్యాన్ అక్కర్లేదు, కరెంటు తక్కువ తింటుంది, ధర మా గిరాకీకి అందుతుంది. మేం చేసే పనికి అంతకన్నా పెద్ద చిప్ దండగ.

ఇవి మిగిలిపోయిన పాత సరుకు అనుకోకండి. ఎస్‌టీ కంపెనీ 2019లో ఎస్‌టీఎం32ఎంపీ1 పేరుతో లైనక్స్ నడిచే చిప్‌ల వరుసనే కొత్తగా మొదలుపెట్టింది, అందులో ఉన్నది 32-బిట్ కార్టెక్స్-ఏ7 కోరే. అలాంటి చిప్‌తో ఈ ఏడాది ఒకరు డబ్బా బిగిస్తే, అది పది పన్నెండేళ్లు గోడ మీద ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ యజమాని ఫోన్ మార్చినట్టు దాన్ని మార్చడు, మార్చాల్సిన అవసరం కూడా లేదు. కానీ అది నెట్‌కి కలిసి ఉంటుంది, కాబట్టి సెక్యూరిటీ ఫిక్స్‌లు మాత్రం అందుతూ ఉండాలి.

మీ వైపు బరువు కూడా నాకు తెలుసు, ఒకసారి దగ్గర నుంచి చూశాను. మూడేళ్ల కిందట కెర్నల్‌ని కొత్త వెర్షన్‌కి మారుస్తుంటే మేం వాడే ఒక సెన్సర్ డ్రైవర్ (ఆ సెన్సర్‌ని నడిపే కోడ్) కంపైల్ అయింది గానీ మిగతా కెర్నల్‌తో లింక్ కాలేదు. 64-బిట్ భాగహారం చేసే ఫంక్షన్ దొరకడం లేదని ఎర్రర్. ఆ డ్రైవర్‌ని సవరించినాయన ఒక 64-బిట్ విలువని మామూలు భాగహార గుర్తుతోనే భాగించేశాడు. ఆయన మెషిన్ 64-బిట్, అక్కడ అది ఒక్క ఇన్‌స్ట్రక్షన్. 32-బిట్ ఆర్మ్‌లో కంపైలర్ దానికి ఒక లైబ్రరీ ఫంక్షన్‌ని పిలుస్తుంది, కెర్నల్‌లో ఆ లైబ్రరీ ఉండదు. డివ్ యూ64 అనే కెర్నల్ ఫంక్షన్ వాడితే సరిపోయేది. నేను కనుక్కునేసరికి రెండు రోజులు పట్టింది, దిద్దడానికి రెండు వరుసలు చాలాయి. ప్యాచ్ పంపాను, తీసుకున్నారు. ఆయన మర్యాదగా థ్యాంక్స్ చెబుతూ, తన దగ్గర 32-బిట్ బోర్డే లేదని రాశాడు.

ఆ జవాబు నన్ను చాలాకాలం వెంటాడింది. తప్పు ఆయనది అనలేను. ఆ బోర్డులు వందల సంఖ్యలో బిగించుకుంటూ, ఒక్కసారైనా రిలీజ్‌కి ముందు కెర్నల్‌ని నడిపి చూసి మాట చెప్పని నాది.

అందుకే 32-బిట్ మొత్తాన్ని ముట్టుకోవద్దని అడగడం లేదు. అందులోనూ వట్టిపోయిన గేదె వేరు, పాలిచ్చేది వేరు. హైమెమ్ సంగతే తీసుకోండి. 32-బిట్ చిరునామాలతో అందేది 4 జీబీ. అందులో మామూలుగా మూడు వంతులు ప్రోగ్రామ్‌కి, ఒక వంతు కెర్నల్‌కి పోతుంది. దాంతో ఆర్మ్‌లో కెర్నల్ నేరుగా అందుకోగల ర్యామ్ ముప్పాతిక జీబీ దగ్గర ఆగిపోతుంది. ఆపై ఉన్న ర్యామ్‌ని వాడాలంటే పేజీని అప్పటికప్పుడు తగిలించుకుని, పనయ్యాక విప్పేయాలి. ఈ ఏర్పాటునే హైమెమ్ అంటారు. ఇది మెమరీ కోడ్ అంతటా, ఫైల్ సిస్టమ్‌లలో సైతం ముళ్లలా పరుచుకుని ఉంది. 64-బిట్ మీదే పనిచేసేవాళ్లకు కూడా దీనితో తిప్పలే. మా 512 ఎంబీ బోర్డులకు దీని అవసరం అసలు లేదు. 1 జీబీ ఉన్నవాళ్లకు ఆ వాటాల సరిహద్దు కాస్త జరిపే ఆప్షన్ కెర్నల్‌లోనే ఉంది. 32-బిట్ ఎక్స్86లో ప్రత్యేక ఏర్పాటుతో 4 జీబీకి మించిన ర్యామ్ వాడుకునే సపోర్ట్‌ని 2025లో ఎలాగూ తీసేశారు. మిగతా హైమెమ్‌ని కూడా ఒక గడువు పెట్టి క్రమంగా తగ్గించుకుంటూ పోతే మాలాంటివాళ్లు మీ పక్షానే నిలబడతారు. పెద్ద ర్యామ్‌తో 32-బిట్ బోర్డులు చేసుకున్నవాళ్లు కొందరికి కష్టమే, వాళ్లకు ముందే చెప్పాలి. కానీ హైమెమ్ మీద ఉన్న కోపాన్ని 32-బిట్ మొత్తం మీద తీర్చుకోవద్దు.

ఇలా విడదీసి చూడటం మీకు కొత్తేమీ కాదు. ఆల్ఫా అనే పాత చిప్ కుటుంబం విషయంలో 2024లో మీరు చేసింది అదే కదా. తొలితరం ఆల్ఫా చిప్‌లకు మెమరీలో ఒక్క బైట్‌ని విడిగా రాసే ఇన్‌స్ట్రక్షన్ లేదు. పక్క బైట్లతో కలిపి తెచ్చి, మార్చి, మళ్లీ రాయాలి. దానివల్ల అందరూ వాడే కోడ్ మీద అనుమానాలు పడ్డాయి. 6.10 వెర్షన్‌లో ఆ పాత చిప్‌లను మాత్రం వదిలేసి, ఈవీ56 అనే తరం నుంచి పైవాటిని ఉంచారు. ఇబ్బంది ఎక్కడుందో అక్కడే కోశారు.

మోటరోలా 68000 కుటుంబం 1979 నాటిది, వయసులో 486కి అన్న. అమిగా, అటారీ, పాత మ్యాకింటాష్ కంప్యూటర్ల కోసం దాని సపోర్ట్ ఇప్పటికీ కెర్నల్‌లో ఉంది. గీర్ట్ ఉయిటర్‌హోవెన్ గారు ఏళ్లుగా దాన్ని ప్రేమగా చూసుకుంటున్నారు, చాలావరకు ఆ కోడ్ తన సొంత డైరెక్టరీలోనే ఉంటుంది. వయసు చూసి తీసేసేవాళ్లయితే ముందు పోవాల్సింది అదే. అది నిలిచింది, 486 పోవాల్సి వస్తోంది. దీన్ని బట్టి మీ అసలు కొలబద్ద ఏమిటో బయటివాళ్లకు కూడా అర్థమవుతుంది: చూసుకునే మనిషి ఉన్నారా, నడిపి చూసే బోర్డు ఉందా, ఆ బరువు ఇతరుల నెత్తిన పడుతోందా. న్యాయమైన కొలబద్దే. దాన్ని ఎక్కడా రాసిపెట్టకపోవడమే చిక్కు. ఏదైనా తీసేసే ప్రతిపాదన వచ్చేటప్పుడు, ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు ఆ ప్యాచ్‌తో పాటే రాయండి. చదివినవాడికి తాను ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలుస్తుంది.

లెక్కల గురించి ఒక మాట. ఎంతమంది వాడుతున్నారో చూసి నిర్ణయిస్తాం అంటే మా బోర్డులు ఎవరి లెక్కలోకీ రావు. గోడకు బిగించిన డబ్బా ఏ సర్వేకీ జవాబు చెప్పదు. దాని యజమానికి అందులో లైనక్స్ ఉందని కూడా తెలియదు. 2018లో 4.17 వెర్షన్ కోసం ఎనిమిది ఆర్కిటెక్చర్లను (చిప్ కుటుంబాలను), సుమారు ఐదు లక్షల వరుసలను తీసేసే ముందు కెర్నల్ డెవలపర్ ఆర్ండ్ బెర్గ్‌మన్ గారు ఒక్కోదాని వెనక ఉన్నవాళ్లను వెతికి అడిగారు. ఆ పద్ధతి బాగుంది. దాన్ని వదులుకోకండి.

తీసేసేటప్పుడు గడువు విషయంలో ఇంటెల్ సర్వర్ చిప్ ఇటానియంని చూసి నేర్చుకోవచ్చు. ఇంటెల్ చివరి ఇటానియం చిప్‌లు 2021లో వెళ్లిపోయాయి. ఆ ఏడాదే కెర్నల్‌లో దాన్ని చూసుకునేవాళ్లు లేరని గుర్తు పెట్టారు. 6.7 నుంచి తీసేశారు, సుమారు 65 వేల వరుసలు. దాని ముందరి 6.6 దీర్ఘకాలం సపోర్ట్ ఉండే వెర్షన్ (ఎల్‌టీఎస్). అంటే వాడుతున్నవాళ్ల కాళ్ల కింద నేల ఒక్కసారిగా జారిపోలేదు. ఆర్మ్‌లో ఏ చిప్ కుటుంబాన్ని తీసేసినా, దానికి సపోర్ట్ ఉన్న ఆఖరి వెర్షన్ అలాంటి ఎల్‌టీఎస్ అయ్యేలా చూడండి. ఎల్‌టీఎస్ గడువుని ఆరేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించాలని 2023లో నిర్ణయించారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. మనుషులు అలసిపోతున్నారన్న మీ కారణం నాకు అర్థమైంది, దాన్ని తప్పుపట్టను. సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫామ్ ప్రాజెక్టు 2016 నుంచి పదేళ్లు నిలిచే కెర్నళ్లు చూస్తోంది. ఆఖరి వెర్షన్ వాళ్లు ఎంచుకునేదానితో కలిస్తే ఇంకా మంచిది.

ఇంకొకటి, మీరే చేసిన మంచి పని గుర్తుచేస్తాను. సెకన్లను లెక్కపెట్టే 32-బిట్ గడియారం 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే నిండిపోయి వెనక్కి తిరుగుతుంది. దాన్ని తప్పించడానికి మీలో కొందరు ఏళ్ల తరబడి వందల చోట్ల కోడ్ మార్చారు. 2020లో వచ్చిన 5.6తో 32-బిట్ మెషిన్లు కూడా ఆ తేదీ దాటగలిగే దారి పడింది. ఆర్ండ్ గారు, ఆయనతో పాటు పనిచేసినవాళ్లు పడిన కష్టం అది. మా డబ్బాల్లో సాఫ్ట్‌వేర్ అంతా ఆ 64-బిట్ టైమ్‌కి మార్చుకున్నాం. అంత కష్టపడి వేసిన వంతెన మీద జనం ఇంకా నడుస్తున్నారు, అవతలి ఒడ్డుకి చేరలేదు.

ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో చిప్ కంపెనీల్లో, డ్రైవర్లు రాసే టీముల్లో మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఉన్నారు. మాలాగా చిన్న ఊళ్లలో తూకం మెషిన్లు, పాల కేంద్రాల టెస్టింగ్ పెట్టెలు, పంపుసెట్ల కంట్రోలర్లు చేసుకుని బతికేవాళ్లూ ఉన్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట మీకు. హెచ్8/300 అనే చిన్న ఆర్కిటెక్చర్‌ని చూసుకునేవాళ్లు లేరని 3.13లో తీసేశారు. ఒకాయన పూనుకుని బాగుచేస్తే 2015లో 4.2తో తిరిగి తీసుకున్నారు. మళ్లీ పట్టించుకునేవాళ్లు లేకపోతే 2022లో 5.19తో మళ్లీ తీసేశారు. అంటే తలుపు మూసేయలేదు, లోపల మనిషి ఉంటేనే తెరిచి ఉంచుతారు. మన బోర్డుల విషయంలో ఆ మనిషి మనమే కావాలి. మీ దగ్గర మూలన పడున్న ఒక్క బోర్డుని తీసి, వారానికొకసారి కొత్త ఆర్‌సీ కెర్నల్ (రిలీజ్‌కి ముందు పరీక్షకు వదిలేది) ఎక్కించి బూట్ అయిందో లేదో చూడండి. కాకపోతే ఏ కమిట్ (కోడ్ మార్పు) దగ్గర పాడైందో గిట్ బైసెక్ట్ అనే టూల్‌తో కనుక్కుని రాయండి. అలవాటైనవాళ్లు కొత్త కెర్నళ్లను తనంతట తానే పరీక్షించే కెర్నల్‌సీఐకి తమ బోర్డులు కలపొచ్చు. ఇంగ్లిష్ రాదని జంకకండి. నా మొదటి రిపోర్టులో సగం తప్పులే, అవతలివాళ్లు ఎర్రర్ చూశారు గానీ గ్రామర్ చూడలేదు.

మెయింటెయినర్ గార్లకు నా వంతుగా ఒక మాట ఇస్తున్నాను. మా వర్క్‌షాప్‌లో ఒక బీగల్‌బోన్ బ్లాక్, రెండు కార్టెక్స్-ఏ7 బోర్డులు పక్కకు పెట్టాను. వచ్చే మెర్జ్ విండో (కొత్త మార్పులు తీసుకునే గడువు) ముగిసి ఆర్‌సీ1 వచ్చిన రోజు నుంచి ప్రతి ఆర్‌సీనీ వాటి మీద బూట్ చేసి, మా సెన్సర్లు, నెట్‌వర్క్, గడియారం సరిగా ఉన్నాయో చూసి ఫలితం పంపిస్తాను. గడియారాన్ని 2038 దాటించి కూడా నడుపుతాను. డ్రైవర్ మార్చి 32-బిట్‌లో చూసుకోవడానికి బోర్డు లేనివాళ్లు ఎవరైనా ఉంటే ప్యాచ్ నాకు కాపీ పెట్టండి, రెండు రోజుల్లో జవాబిస్తాను. మిర్చి సీజన్‌లో మాత్రం నాలుగు రోజులు పట్టొచ్చు.

ఇట్లు,
కోల్డ్ స్టోరేజీలకు బోర్డులు బిగించుకునే ఒక గుంటూరు వాసి